ప్రకాశం బ్యారేజీ ఎగువన కైట్ సర్ఫింగ్ కుదురుతుందా?

విజయవాడలో భవానీ ద్వీపం చుట్టూ నీళ్లు విశాలంగా ఉన్నాయి కదా, కైట్ సర్ఫింగ్ (పెద్ద గాలిపటం లాగుతుంటే పలక మీద నిలబడి నీళ్లపై దూసుకెళ్లే ఆట) చేయొచ్చా అని అడిగారు. నీళ్ల కన్నా ముందు గాలి చూడాలి. గంటకు 20 నుంచి 35 కిలోమీటర్ల వేగంతో ఒకే తీరుగా వీచాలి. ఇక్కడేమో అటు ఇంద్రకీలాద్రి, ఇటు ఉండవల్లి కొండలు. కొండ దాటొచ్చిన గాలి సుడులు తిరుగుతుంది. కొండ ఎత్తుకు ఏడెనిమిది రెట్ల దూరం వెళ్లినా కుదురుకోదు. ఒడ్డున కర్రకు రిబ్బన్ కట్టి పావుగంట చూడండి. ఓసారి టపటపా కొట్టుకుని, మరుక్షణం వేలాడిపోతే ఆ చోటు వద్దు. కైట్ తాళ్లే 20 మీటర్లకు పైగా ఉంటాయి కాబట్టి కరెంటు తీగలు, చెట్లు దగ్గర్లో ఉండకూడదు. నన్నడిగితే అసలు టెన్షన్ పడమటి గాలితోనే. పట్టు తప్పిందా, నేరుగా బ్యారేజీ గేట్ల వైపే తోసేస్తుంది.