టెక్ సందేహాలు: డాన్‌ట్రైల్ కొనాలా, ఆగాలా?

ఈ వారం చెన్నై పాఠకుల ప్రశ్నల్లో సగానికి పైగా ఒకే గేమ్ చుట్టూ తిరిగాయి: ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ గేమ్, దానికి డాన్‌ట్రైల్ పేరుతో వచ్చిన అదనపు భాగం (ఎక్స్‌పాన్షన్). అందుకే ప్రింటర్లను, ఫోన్ బ్యాటరీలను వచ్చే వారానికి జరిపాను.

ప్రశ్న: నేను షోలింగనల్లూరులో ఉంటాను, ఐటీ ఉద్యోగం. మా టీమ్‌లో నలుగురం తెలుగువాళ్ళం. మిగతా ముగ్గురూ ఫైనల్ ఫాంటసీ 14 ఆడతారు. డాన్‌ట్రైల్ ఎక్స్‌పాన్షన్ కొనెయ్, కలిసి ఆడదాం అని చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు. ఆన్‌లైన్‌లో చూస్తే ఒకరు అద్భుతం అంటున్నారు, ఇంకొకరు పరమ బోరు అంటున్నారు. నేనింతవరకు ఈ గేమ్ ముట్టుకోలేదు. కొనమంటారా?

జవాబు: ఇప్పుడే కొనకండి. మీ ఫ్రెండ్స్‌కి కోపం వచ్చినా సరే.

డాన్‌ట్రైల్ 2024 జులై 2న వచ్చింది. లెవెల్ పరిమితిని 90 నుంచి 100కి పెంచింది. అయితే డబ్బు కట్టగానే నేరుగా అందులోకి దిగడం కుదరదు. 2013లో ‘ఎ రియల్మ్ రీబార్న్’ పేరుతో మొదలైన కథ, ఆ తర్వాత హెవెన్స్‌వర్డ్, స్టార్మ్‌బ్లడ్, షాడోబ్రింగర్స్, ఎండ్‌వాకర్... ఇవన్నీ వరసగా పూర్తి చేస్తేనే డాన్‌ట్రైల్ మొదలవుతుంది. ఓఎంఆర్ ట్రాఫిక్ దాటి ఇల్లు చేరి, రాత్రి గంటన్నర ఆడే మనిషికి ఇది నెలల తరబడి పని. కథను దాటేసే సదుపాయం కంపెనీయే విడిగా అమ్ముతుంది గానీ దాని జోలికి పోవద్దు. ఎవరు ఎవరో తెలియకుండా పదేళ్ళ కథ చివర్లో దిగితే, అప్పుడు మీరూ ‘పరమ బోరు’ అనే జట్టులో చేరతారు.

మీకు కావలసింది ఉచిత ట్రయల్. లెవెల్ 70 వరకు, మొదటి గేమ్‌తో పాటు హెవెన్స్‌వర్డ్, స్టార్మ్‌బ్లడ్ రెండూ అందులో ఉన్నాయి. రోజుల గడువు లేదు. షరతులు కొన్ని ఉన్నాయి: మార్కెట్‌లో కొనడం, అమ్మడం కుదరదు. గేమ్ డబ్బు 3 లక్షల గిల్ దాటి దాచుకోలేరు. ఫ్రీ కంపెనీలో, అంటే ఈ గేమ్‌లోని ఆటగాళ్ళ సంఘంలో చేరలేరు. పార్టీ, అంటే కలిసి ఆడే జట్టు, మీరు కట్టలేరు, మీ స్నేహితులు పిలిస్తే చేరొచ్చు. అది చాలు కదా, పోరుతున్నది వాళ్ళే కాబట్టి పిలిచే బాధ్యతా వాళ్ళదే. ఒక్కటి మరిచిపోకండి. ఒకసారి డబ్బు కట్టి పూర్తి గేమ్‌కి మారిన ఖాతా మళ్ళీ ట్రయల్‌కి తిరిగి రాదు.

ఇక అద్భుతం, బోరు అని రెండు మాటలూ ఎందుకు వినిపిస్తున్నాయంటే, ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఒకరు పోరాటాల గురించి మాట్లాడుతున్నారు, ఇంకొకరు కథ గురించి.

ముందు కథ. 2021 డిసెంబరులో వచ్చిన ఎండ్‌వాకర్‌తో దశాబ్దం కథ ముగిసింది. ప్రపంచాన్ని కాపాడేసిన హీరోకి ఇక పనేముంటుంది? డాన్‌ట్రైల్ అతన్ని సముద్రం దాటించి టురాల్ అనే కొత్త ఖండానికి తీసుకెళ్తుంది. టులియోలాల్ రాజ్యానికి వారసులెవరో తేల్చే పోటీ నడుస్తుంటుంది. వుక్ లమాట్ అనే యువరాణి పక్షాన మీరు తోడుగా వెళ్ళాలి. అంటే ఇన్నాళ్ళు కథానాయకుడిగా ఉన్న మీరు, మొదటి సగం వెనక నిలబడి తల ఊపుతుంటారు. నడువు, మాట్లాడు, కట్‌సీన్ చూడు, ఇంకో ఊరికి నడువు. అక్కడి పంటలు, వంటలు, వర్తకం, పండగలు ఓపికగా చూపిస్తారు. నాకు ఆ ఊళ్ళు నచ్చాయి. కానీ పోటీ అన్నాక గెలుస్తామా లేదా అన్న టెన్షన్ ఉండాలి. అది దాదాపు లేదు. వుక్ లమాట్ మంచి పిల్లే. తప్పు ఆమెది కాదు, ప్రతి సన్నివేశంలోనూ ఆమెనే నిలబెట్టిన రచనది. స్టీమ్‌లో విడుదలప్పుడు సమీక్షలు మిశ్రమంగా పడటానికి ప్రధాన కారణం ఇదే.

రెండో సగంలో దారి పూర్తిగా మారుతుంది. పల్లెలు, అడవులు వదిలి సొల్యూషన్ నైన్ అనే నియాన్ వెలుగుల నగరంలో పడతారు. చనిపోయినవాళ్ళ జ్ఞాపకాలను ఏం చేయాలి అన్న ప్రశ్న వస్తుంది. అది బరువైన ప్రశ్న, చివరి ప్రాంతంలో కొన్ని సన్నివేశాలు నిజంగా పట్టుకుంటాయి. అయినా మొదటి సగంలో ఖర్చు చేసిన గంటల్లో కొన్ని ఇక్కడికి తెచ్చి ఉంటే అనిపిస్తుంది. రెండు వేర్వేరు ఎక్స్‌పాన్షన్లను కలిపి కుట్టిన అతుకు కనిపిస్తూనే ఉంటుంది.

పోరాటాలకు వస్తే, డాన్‌ట్రైల్‌కి వంక పెట్టడం కష్టం. ఎండ్‌వాకర్‌లో మామూలు డంజన్లు (చిన్న జట్టుగా వెళ్ళి పోరాడే చోట్లు) నిద్రమత్తులో కూడా గెలిచేలా ఉండేవి. ఇక్కడ కథలో భాగంగా వచ్చే డంజన్లలోనే బాస్‌లు, అంటే పెద్ద శత్రువులు, ఆటగాళ్ళను పడగొడుతున్నారు. దెబ్బ ఎక్కడ పడుతుందో చూపే గుర్తులు త్వరగా మాయమవుతాయి, ఒకదాని మీద ఇంకొకటి వస్తాయి. వలిగర్మాండాతో మొదటి పెద్ద పోరాటంలో నిప్పు, మంచు, పిడుగు మారుతూ వస్తుంటే చేతులు ఖాళీగా ఉండవు. ఆర్కేడియన్ అనే రెయిడ్ (పెద్ద జట్టుతో ఆడే పోరాటం) వరస ఇంకా సరదా. మొత్తం రెజ్లింగ్ పోటీలా నడుస్తుంది, మధ్యలో వ్యాఖ్యాత అరుస్తుంటాడు. అందులో డాన్సింగ్ గ్రీన్ అనే బాస్ పోరాటం డిస్కో ఫ్లోర్ మీదే జరుగుతుంది. ఎనిమిది మంది కలిసి స్టెప్పులేస్తూ తప్పించుకోవాలి. ఎనిమిది మందిలో ఒకరు తప్పు స్టెప్పు వేస్తే వాయిస్ చాట్‌లో నవ్వులే నవ్వులు. మీ ముగ్గురు ఫ్రెండ్స్ ఊగిపోతున్నది ఇందుకే అని నా అనుమానం.

కొత్త జాబ్‌లు, అంటే మీ పాత్ర ఎంచుకునే పోరాట విద్యలు, రెండు. వైపర్ రెండు కత్తులతో దగ్గరగా కొట్టేది, పిక్టోమాన్సర్ కుంచెతో బొమ్మలు గీసి మంత్రాలు వేసేది. రెండూ బాగున్నాయి, పిక్టోమాన్సర్ అయితే మరీ బాగుంది, మిగతా మంత్రగాళ్ళు అసూయపడేంత. ఏదో ఒక జాబ్ లెవెల్ 80కి చేరితేనే ఇవి దొరుకుతాయి. పాత జాబ్‌లలో మాత్రం పెద్ద మార్పు లేదు. జట్టు కోసం దెబ్బలు కాచే ట్యాంక్ జాబ్‌లలో ఒకదానికి, ఇంకోదానికి ఆడే తీరులో తేడా తగ్గిపోయిందన్న ఫిర్యాదు ఏళ్ళుగా ఉంది. నిర్మాత, దర్శకుడు నవోకి యోషిదా ఆ పనిని తర్వాతి ఎక్స్‌పాన్షన్‌కి వాయిదా వేశారు.

ఇంకో లోపం, కథ అయ్యాక మధ్యస్థంగా ఆడేవాళ్ళకు చాలాకాలం పనిలేకపోవడం. కఠినమైన సావేజ్ రెయిడ్ 2024 జులై నెలాఖరుకే వచ్చేసింది. నలుగురూ గుంపుగా తిరిగి ఆడుకునే అకల్ట్ క్రెసెంట్ 2025 మే నెలాఖరుకి గానీ రాలేదు. దాదాపు 11 నెలలు. వచ్చాక కూడా అందులోని ఫోర్క్‌డ్ టవర్ అనే పెద్ద పోరాటంలోకి స్నేహితులంతా కలిసి వెళ్ళడమే ఒక యజ్ఞం అయ్యింది. నెలనెలా చందా తీసుకునే గేమ్‌కి ఇది తగదు.

కాబట్టి ట్రయల్‌తో మొదలుపెట్టండి. స్టార్మ్‌బ్లడ్ అయ్యేసరికి ఇంకా ఆడాలనిపిస్తే అప్పుడు కొనండి. డాన్‌ట్రైల్ కొంటే షాడోబ్రింగర్స్, ఎండ్‌వాకర్ అందులోనే వస్తాయి, విడిగా కొననక్కర్లేదు. మొదటి గేమ్ ఉన్న స్టార్టర్ ఎడిషన్ మాత్రం వేరుగా కొనాలి. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు: స్టార్టర్‌ని స్టీమ్‌లో కొంటే ఎక్స్‌పాన్షన్ కూడా స్టీమ్‌లోనే కొనాలి. కంపెనీ సొంత స్టోర్‌లో డిస్కౌంట్ చూసి అక్కడ కొన్న కోడ్ స్టీమ్ ఖాతాకి పనిచేయదు.

ప్రశ్న: మాది వేలచ్చేరి. 300 ఎంబీపీఎస్ ఫైబర్ ఉంది. అయినా డాన్‌ట్రైల్ డంజన్లలో గుర్తులోంచి బయటికి వచ్చేశాక కూడా దెబ్బ తగులుతోంది. ప్లాన్ 500కి మార్చుకోమంటారా?

జవాబు: మార్చొద్దు, ఆ డబ్బు మిగులుతుంది. మీ సమస్య వేగం కాదు, దూరం.

ఈ గేమ్ సర్వర్లు జపాన్, ఉత్తర అమెరికా, ఐరోపా, ఆస్ట్రేలియా ప్రాంతాలకు ఉన్నాయి. మన దేశంలో లేవు, సింగపూర్‌లో కూడా లేవు. చెన్నై తీరం నుంచి సముద్రం అడుగున కేబుళ్ళు సింగపూర్ వెళ్తాయి, అక్కడి నుంచి జపాన్‌కి ఇంకో దారి. మొత్తం 8 వేల కిలోమీటర్లు దాటుతుంది. ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. పోయి రావడానికే 80 మిల్లీసెకన్లు. మధ్యలో రౌటర్లు, మలుపులు కలిపితే వంద దాటడం మామూలే. 300 ఉన్నా 1000 ఉన్నా ఈ లెక్క మారదు.

పైగా ఈ గేమ్‌లో దెబ్బ తగిలిందా లేదా అన్నది బాస్ మంత్రం ఎంతవరకు వచ్చిందో చూపే గీత నిండిన క్షణంలో మీరు ఎక్కడున్నారని సర్వర్ అనుకుంటోందో దాన్ని బట్టి తేలుతుంది. తర్వాత తెర మీద కనిపించే మంట, పేలుడు అలంకారం మాత్రమే. మీ తెర మీద బయటికి వచ్చేశారు, ఆ కబురు సర్వర్‌కి ఇంకా చేరలేదు. పాత డంజన్లలో గుర్తులు తీరిగ్గా ఉండేవి కనుక ఇది తెలిసేది కాదు. డాన్‌ట్రైల్‌లో గుర్తులు చురుగ్గా ఉండటం అందరికీ బలమే, మనకు మాత్రం కాస్త బలహీనత. గీత నిండాక కాకుండా నిండకముందే కదలడం అలవాటు చేసుకోండి.

వైఫై బదులు లాన్ కేబుల్ వాడితే ఆలస్యం సగటు పెద్దగా తగ్గదు కానీ ఎగుడుదిగుళ్ళు తగ్గుతాయి, చాలాసార్లు ప్రాణం తీసేది ఆ ఎగుడుదిగుళ్ళే. నింజాలాగా చకచకా బటన్లు నొక్కే జాబ్ కంటే, నిదానంగా మంత్రం వేసే పిక్టోమాన్సర్ లాంటిది మన దూరానికి నయం. రౌటర్‌కి చిన్న యూపీఎస్ పెట్టుకోండి. చెన్నైలో వాన మొదలైతే కరెంటు ఎప్పుడు మినుకుమంటుందో చెప్పలేం.

సర్వర్ ఎంపికలో పింగ్‌తో (కబురు పోయి రావడానికి పట్టే సమయం) పాటు గడియారం కూడా చూడండి. మనకు రాత్రి 9 అయితే టోక్యోలో అర్ధరాత్రి 12:30. జనం నిద్రకు పోతుంటారు. ఐరోపా వాళ్ళు మాత్రం అప్పుడే ఆఫీసుల నుంచి బయటపడుతుంటారు. రాత్రి పూట ఆడేవాళ్ళకు గుంపు దొరకడం అక్కడే తేలిక. జపాన్‌లోనే ఉండాలనుకుంటే ఎలిమెంటల్ డేటా సెంటర్‌లో ఇంగ్లిష్ మాట్లాడేవాళ్ళు దొరుకుతారు.

ప్రశ్న: పొత్తేరిలో బీటెక్ చదువుతున్నాను. నా ల్యాప్‌టాప్‌లో విడి గ్రాఫిక్స్ కార్డు లేదు, 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ. రెండేళ్ళ కిందట బాగానే ఆడింది, ఇప్పుడు అప్‌డేట్ చేస్తే నత్తలా నడుస్తోంది. నేను డాన్‌ట్రైల్ కొనలేదు కూడా.

జవాబు: కొన్నా కొనకపోయినా గ్రాఫిక్స్ మార్పు అందరికీ వచ్చింది, ట్రయల్ వాళ్ళతో సహా. ముఖాలు, బట్టల నేత, నీడలు, గడ్డి అన్నీ కొత్తగా చేశారు. అందంగానే ఉంది. బిల్లు మాత్రం మీలాంటి వాళ్ళ మీద పడింది. ఇప్పుడు కనీస అవసరం జీటీఎక్స్ 970 స్థాయి కార్డు, 8 జీబీ ర్యామ్, 140 జీబీ ఖాళీ. హాయిగా ఆడాలంటే ఆర్‌టీఎక్స్ 2060 స్థాయి, 16 జీబీ.

ఏదైనా కొనేముందు డాన్‌ట్రైల్ బెంచ్‌మార్క్ అని కంపెనీ ఉచితంగా ఇచ్చే ప్రోగ్రామ్ నడపండి. మీ మెషీన్ ఎంత లాగుతుందో స్కోరు ఇస్తుంది. సెట్టింగ్స్‌లో అప్‌స్కేలింగ్‌ని (చిన్నగా గీసిన బొమ్మను పెద్దది చేసే పద్ధతి) ఎఫ్ఎస్ఆర్‌కి మార్చి, 3డీ రిజల్యూషన్ తగ్గించండి. నీడలు, గడ్డి కనిష్ఠానికి దించండి. విడి గ్రాఫిక్స్ లేని ల్యాప్‌టాప్ మెయిన్ ర్యామ్‌నే పంచుకుంటుంది కనుక, ఖాళీ స్లాట్ ఉంటే రెండో 8 జీబీ వేయించడం అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌కి వెళ్తే ల్యాప్‌టాప్ వెంట తీసుకెళ్ళి, అక్కడే పెట్టించి, ఆన్ చేసి చూసుకుని రండి. బయటి హార్డ్ డిస్క్‌లో గేమ్ పెడదామన్న ఆలోచన వద్దు, ప్రతి లోడింగ్‌కీ టీ తాగి రావొచ్చు.

మంచి కార్డు ఉండి కూడా బొమ్మ మసకగా ఉందంటున్న పాఠకులకు: అప్‌స్కేలింగ్‌లో డీఎల్ఎస్ఎస్ తీసేసి ఎఫ్ఎస్ఆర్ పెట్టి, స్కేల్ 100కి లాగండి.

ప్రశ్న: మేం అంబత్తూరులో ఉంటాం. మా అబ్బాయి ప్లస్ వన్. వాళ్ళ నాన్నగారి కార్డు నుంచి ఫైనల్ ఫాంటసీ 14 అనే ఏదో గేమ్‌కి డాలర్లలో నెలనెలా డబ్బు పోతోంది. ఆన్‌లైన్ గేమ్‌లు నిషేధించారని వార్తల్లో విన్నాను. ఇది ఆ బాపతేనా? భయంగా ఉంది.

జవాబు: భయపడకండమ్మా. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం నిషేధించింది డబ్బు పందెంగా పెట్టి, డబ్బు గెలుస్తామని ఆడే ఆటలను. చందా కట్టి ఆడే మామూలు గేమ్‌లకు ఆ చట్టమే చోటిచ్చింది. తమిళనాడులో అర్ధరాత్రి 12 నుంచి ఉదయం 5 దాకా ఆడకూడదన్న నిబంధన కూడా డబ్బు ఆటల కోసం పెట్టిందే. మీవాడికి వర్తించదు. వర్తిస్తే బాగుండునని మీకు అనిపిస్తే నేనేమీ అనను.

ఇందులో పందెం లేదు, డబ్బు వెనక్కి రాదు. ప్రాథమిక చందా నెలకు 12.99 డాలర్లు, అంటే వెయ్యి రూపాయల పైమాటే. విదేశీ లావాదేవీకి బ్యాంకు పైన కొంత వేస్తుంది. అంతకంటే ఎక్కువ పోతుంటే, గేమ్ లోపల బట్టలు, గుర్రాలు అమ్మే ఆన్‌లైన్ స్టోర్ ఒకటి ఉంది, అక్కడ చూడండి. వాటివల్ల ఆటలో బలం పెరగదు, వేషం మారుతుందంతే. ఐరోపా రేటింగ్ ప్రకారం ఇది 16 ఏళ్ళు దాటినవాళ్ళకు.

వాళ్ళ నాన్నగారి బ్యాంకు యాప్‌లో కార్డు సెట్టింగ్స్ తెరిచి, అంతర్జాతీయ లావాదేవీలకు పరిమితి పెట్టండి, అవసరం లేకపోతే ఆపేయండి. ఆ మీట ఖాతాదారు చేతిలో ఉండాలన్నది రిజర్వ్ బ్యాంక్ నిబంధనే. గేమ్‌ని డిలీట్ చేస్తే చందా ఆగదు, మాగ్ స్టేషన్ అనే వాళ్ళ ఖాతా పేజీలో విడిగా రద్దు చేయాలి. పబ్లిక్ పరీక్షల నెలల్లో రద్దు చేసి, అయ్యాక మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు. పాత్ర, సంపాదించిన వస్తువులు ఎక్కడికీ పోవు. ఈ సంగతి అబ్బాయికి కూడా చెప్పండి, బేరం తేలికవుతుంది.