ప్రశ్నలు - జవాబులు: తెర మీద గార్నెట్ ఎందుకు మాయమవుతోంది?

ప్రశ్న: సెమినార్‌లో ఖోండలైట్ రాతి థిన్ సెక్షన్ (మైక్రోస్కోప్ కింద చూసేందుకు పలచగా అరగదీసిన రాతి ముక్క) ఫొటోలు చూపించాలి. ల్యాప్‌టాప్‌లో సిల్లిమనైట్ ఖనిజపు సూదులు ఒక్కొక్కటీ విడిగా కనిపిస్తున్నాయి. హాల్లో ప్రొజెక్టర్ వేస్తే అంతా మసక. క్రాస్డ్ నికల్స్ (ఒకదానికొకటి అడ్డంగా పెట్టిన రెండు పోలరైజింగ్ ఫిల్టర్లు) ఫొటోలో గార్నెట్ ఖనిజం ఎక్కడుందో కూడా తెలియడం లేదు. ఫొటోలు 20 మెగాపిక్సెల్ కెమెరాతో తీసినవే. ప్రొజెక్టర్ మార్చమని అడగాలా?
- ఎం.ఎస్సీ. జియాలజీ విద్యార్థిని, ఎంవీపీ కాలనీ

జవాబు: ముందు ట్యూబ్‌లైట్ల సంగతి చూడండి. మీ తెర 2 మీటర్ల వెడల్పు, 1.25 మీటర్ల ఎత్తు అనుకుందాం. అంటే 2.5 చదరపు మీటర్లు. 3000 ల్యూమెన్ల ప్రొజెక్టర్ దాని మీద 1200 లక్స్ (చదరపు మీటరుకు పడే ల్యూమెన్లు) వెలుగు వేస్తుంది. గది దీపాల వల్ల మరో 300 లక్స్ పడుతుంటే, నల్లగా ఉండాల్సిన చోట కూడా ఆ 300 ఉంటుంది. తెలుపు 1500, నలుపు 300, తేడా అయిదు రెట్లే. తెర దగ్గరి వరస లైట్లు ఆర్పి, కిటికీలకు మందపాటి కర్టెన్లు వేసి ఆ 300ను 20కి దించారంటే తేడా 61 రెట్లవుతుంది. పైసా ఖర్చు లేదు. నోట్స్ రాసుకునేవాళ్ల కోసం వెనక లైట్లు ఉంచుకోవచ్చు. పెట్టె మీద వేసే వేల రెట్ల కాంట్రాస్ట్ అంకె చీకటి గదిలో కొలిచింది, దాన్ని పట్టించుకోకండి.

గార్నెట్ సంగతి వేరు. అది ఐసోట్రోపిక్ (వెలుగు అన్ని దిక్కుల్లో ఒకేలా సాగే) ఖనిజం కాబట్టి క్రాస్డ్ నికల్స్‌లో నల్లగానే ఉంటుంది. పక్కన గ్రాఫైట్ కూడా నలుపే. ఈ రెండింటినీ ఏ సెట్టింగూ విడదీయలేదు. అదే భాగాన్ని ప్లేన్ పోలరైజ్డ్ వెలుగులో (ఒక్క ఫిల్టర్‌తో) కూడా తీసి, రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టండి. ప్లేన్ ఫొటోలో గార్నెట్ రిలీఫ్ ఎక్కువగా (పైకి ఉబ్బినట్టు), అంచులు గట్టిగా కనబడుతుంది. గ్రాఫైట్ మాత్రం అక్కడా నల్లగానే ఉండిపోతుంది. స్లైడుకు తెల్ల బ్యాక్‌గ్రౌండ్ వద్దు, ముదురు బూడిద రంగు మేలు.

ఇక సూదులు. మీ ఫొటో వెడల్పు సుమారు 5400 పిక్సెళ్లు. కాలేజీల్లో ఎక్కువగా ఉండే డబ్ల్యుఎక్స్‌జీఏ ప్రొజెక్టర్‌వి 1280 మాత్రమే. ఫొటోలోని నాలుగు పిక్సెళ్లు తెర మీద ఒకటవుతాయి, మూడు పిక్సెళ్ల సూది అందులో కలిసిపోతుంది. పైగా 8 మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్ల కన్ను 2.3 మిల్లీమీటర్ల కంటే సన్నని వివరాన్ని విడదీయలేదు, మీ తెర మీద ఒక పిక్సెల్ 1.6 మిల్లీమీటర్లే. చూపించదలచుకున్నది తెర మీద కనీసం 4, 5 పిక్సెళ్ల మందం ఉండాలి. కాబట్టి మొదటి స్లైడులో మొత్తం సెక్షన్ పెట్టి, ముఖ్యమైన చోట చిన్న డబ్బా గీయండి. రెండో స్లైడులో ఆ డబ్బాలోని భాగాన్ని అసలు ఫొటో నుంచి 640 పిక్సెళ్ల వెడల్పుకు కోసి తెర నిండా పెంచండి. సూది 6 పిక్సెళ్లవుతుంది.

ఫొటోలు పెట్టకముందే పవర్‌పాయింట్‌లో ఫైల్, ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి ‘డూ నాట్ కంప్రెస్ ఇమేజెస్ ఇన్ ఫైల్’కు టిక్ పెట్టండి. లేకపోతే సేవ్ చేసినప్పుడు పవర్‌పాయింటే ఫొటోలను కుదించేస్తుంది. వాట్సాప్‌లో పంపుకుంటే డాక్యుమెంట్‌గానే పంపండి. ల్యాప్‌టాప్‌ను డూప్లికేట్‌లో కాక ఎక్స్‌టెండ్‌లో పెట్టి, ప్రొజెక్టర్ రిజల్యూషన్ 1280×800 ఎంచుకోండి. కీస్టోన్ (వంకర బొమ్మను సరిచేసే సెట్టింగు) సున్నాకు తెచ్చి, ప్రొజెక్టర్‌నే తెరకు ఎదురుగా తిన్నగా జరపండి. కీస్టోన్ బొమ్మను నలిపి సరిచేస్తుంది, ఆ నలుపుడులో సన్నగీతలు పోతాయి. మైక్రోస్కోప్ పెంపు ‘400 రెట్లు’ అని రాయడానికి తెర మీద అర్థం లేదు. ఉచితంగా దొరికే ఇమేజ్‌జే సాఫ్ట్‌వేర్‌తో స్కేల్ బార్ (అసలు పొడవు తెలిపే గీత) వేయండి.

ప్రశ్న: గులాబీ రంగు టిష్యూ స్లైడ్లు తెర మీద పచ్చదనం కొట్టుకొస్తున్నాయి. ఫ్లోరెసెన్స్ (వెలుగునిచ్చే రంగులు వేసి తీసిన) ఫొటోల్లో నీలి న్యూక్లియస్‌లు దాదాపు కనబడవు.
- జువాలజీ లెక్చరర్, గాజువాక

జవాబు: పిక్చర్ మోడ్ ‘డైనమిక్’లో ఉన్నట్టుంది. ఎక్కువ వెలుగు చూపించడానికి ఆ మోడ్‌లో ఆకుపచ్చను పెంచుతారు. ‘ఎస్‌ఆర్‌జీబీ’ లేదా ‘సినిమా’కు మార్చండి. వెలుగు కొంత తగ్గుతుంది గానీ టిష్యూకు వేసిన ఇయోసిన్ రంగు గులాబీ గులాబీగా కనబడుతుంది. నీలం విషయంలో తప్పు ప్రొజెక్టర్‌ది కాదు. తెర మీది తెలుపులో మన కంటికి తోచే కాంతిలో నీలం వాటా సుమారు 7 శాతమే. ఆ చానెల్ (నీలి రంగు పొర) ఒక్కదాన్నీ నలుపు తెలుపులో చూపించండి. రెండు చానెళ్లు కలిపి చూపాలంటే ఎరుపు, ఆకుపచ్చ జత వద్దు, మెజెంటా, ఆకుపచ్చ వాడండి. రంగుల తేడా తెలియనివాళ్లు క్లాసులో ఒకరిద్దరు ఉండొచ్చు.

ప్రశ్న: ఏసీ స్టాఫ్‌రూమ్ నుంచి హాలుకు తెచ్చిన ప్రొజెక్టర్‌లో మొదట బొమ్మ మంచు పట్టినట్టుంటుంది. లెన్స్ పాడైందా?
- స్కూలు టీచర్, భీమిలి

జవాబు: పాడవలేదు. చల్లటి లెన్స్ మీద మన సముద్రపు గాలిలోని తేమ నీరుగా పట్టింది. తుడవకండి, స్విచ్ కూడా వేయకండి. క్లాసుకు అరగంట ముందే హాలుకు తెచ్చి ఉంచితే దానంతటదే ఆరిపోతుంది. ఆరాక కూడా మసక ఉంటే అది దుమ్ము. బ్లోయర్‌తో ఊది, పోకపోతేనే లెన్స్ గుడ్డతో మెల్లగా తుడవండి.