ఫోన్లో చూసిన అమ్మ వేరు, కెమెరాలో చూసిన అమ్మ వేరు

మెల్‌బోర్న్‌లో ఉంటూ, అనంతపురంలో జబ్బుపడ్డ అమ్మను చూసుకోవడం మీద డాక్యుమెంటరీ తీద్దామనుకుంటున్నానని రాశారు. ఆ స్థితిలో ఆమెను కెమెరా ముందుకు తేవడం తప్పా అని అడిగారు. ఆమెను అడిగి తీస్తే తప్పు కాదు. తీయడం వల్ల మా అమ్మకు మేలే జరిగింది.

నేను డల్లాస్‌లో, అమ్మ కర్నూలులో. ఆమెకు పార్కిన్సన్స్ వచ్చి ఆరేళ్లయింది. అందరూ వణుకుడు జబ్బు అంటారు గానీ అమ్మకు వణుకు తక్కువ, ఒళ్లు బిగుసుకుపోవడం ఎక్కువ.

రోజూ రాత్రి 9కి వీడియో కాల్ చేసేదాన్ని. ఎండాకాలంలో అప్పుడు కర్నూలులో పొద్దున 7:30. అమ్మ నవ్వుతూ మాట్లాడేది, లేచి వెళ్లి పెరట్లో మల్లెచెట్టు చూపించేది. బాగానే ఉందనుకున్నాను. పోయినసారి సెలవుకు వెళ్లినప్పుడు సినిమా కోసమని హాల్లో ఓ మూల ట్రైపాడ్ పెట్టి సాయంత్రం దాకా తీశాను. రాత్రి కూర్చుని చూస్తే గుండె తరుక్కుపోయింది. పదకొండు గంటలప్పుడు అమ్మ వంటింటి గడప దగ్గర ఆగిపోయింది. చేత్తో తలుపు చెక్క పట్టుకుంది. కుడికాలి బొటనవేలు గడపను తాకి వెనక్కొస్తోంది, మళ్లీ తాకుతోంది. నాలుగు నిమిషాలు. ఎవరినీ పిలవలేదు. నేను పక్క గదిలోనే ఉన్నాను.

ఆమె వేసుకునేది లెవోడోపా మాత్ర, పొద్దున ఆరున్నరకు. అది అరగంట నుంచి గంటలోపు పనిచేయడం మొదలుపెట్టి, కొన్ని గంటలకు దిగిపోతుంది. అంటే ఇన్నాళ్లూ నేను చూస్తున్నది మాత్ర బాగా పనిచేసే ఆ కాసేపే. మధ్యాహ్నం మాత్ర పప్పన్నం తిన్న వెంటనే వేసుకోవడమూ వీడియోలో కనిపించింది. ప్రొటీన్ ఎక్కువున్న తిండితో కలిస్తే ఆ మందు ఒంటికి సరిగా పట్టదు.

టైమ్ రాసి పెట్టుకున్న చిన్న క్లిప్పులు న్యూరాలజిస్టుకు చూపించాం. ఆయన మాత్రల వేళలు మార్చి, భోజనానికి అరగంట ముందు వేసుకోమన్నారు. గడపల దగ్గర, ఇరుకు దారుల్లో కాళ్లు ఇలా ఆగిపోవడం ఈ జబ్బులో ఉండేదే, నేల మీద అడుగుకో అడ్డగీత గీయండి, గీత దాటాలని చూస్తే అడుగు పడుతుంది అన్నారు. ఇంట్లో పనిచేసే అక్క ముందు సుద్దముక్కతో గీసింది. తడిగుడ్డ పెడితే పోతున్నాయని తర్వాత ఎర్ర టేపు అంటించాం. (మీ అమ్మగారి జబ్బేమిటో రాయలేదు. మందుల సంగతి మాత్రం మీ డాక్టరునే అడగండి.)

ఏది తీయకూడదో ముందే ఆమెనే చెప్పమనండి. మా అమ్మ స్నానం వద్దంది, అన్నం ఒంటి మీద పడేది వద్దంది. మీరు కూడా సినిమాలో ఉండండి. అర్ధరాత్రి ఇంటి నుంచి ఫోన్ మోగితే మీ చెయ్యి ఎలా వణుకుతుందో అదీ తీయండి. అమ్మ ఒక్కతే కనిపిస్తే అది ఆమె జబ్బు సినిమా అవుతుంది.

ఎడిటింగ్‌లో గడప సీను చూడలేక నేనే తీసేయబోయాను. అమ్మ లాప్‌టాప్‌లో రెండుసార్లు చూసింది. "ఉండనీలే పాపా. ఫోన్లో నీకు చెప్పలేకపోయింది ఇదే" అంది. ఆ నాలుగు నిమిషాలూ ముక్క కోయకుండా అలాగే ఉంచాను.