అడగండి అక్కని: డైరీ తెరిస్తే ఏడుపొస్తాంది

ప్రశ్న: అక్కా నమస్తే. మాది బంగారుపాళెం దగ్గర పల్లె. ఉన్నదంతా తోతాపురి మామిడి తోటే. 2025 సీజన్‌లో రేటు పడిపోయినప్పుడు కోత కూలి, ట్రాక్టర్ బాడుగ కూడా చేతికి రాలేదు, లోడుతో ఫ్యాక్టరీ గేటు ముందర మా ఆయన రాత్రులు కాపలా ఉంటే కాయంతా మెత్తబడిపోయింది. అప్పుడు తాకట్టు పెట్టిన బంగారం ఇంకా బ్యాంకులోనే ఉంది. వాట్సాప్‌లో చూస్తే అందరూ ఉన్నదానికి సంతోషపడు, నీకన్నా కష్టంలో ఉండేవాళ్ళని చూడు అని పంపిస్తానే ఉంటారు. మా చెల్లెలు డైరీ ఒకటి కొనిచ్చి రోజూ మూడు మంచి విషయాలు రాయమంది. రాద్దామని కూర్చుంటే ఏడుపన్నా వస్తుంది, కోపమన్నా వస్తుంది. నేను చెడ్డదాన్నా అక్కా? మా పక్కింటి వదినది కూడా ఇదే కష్టం, ఆమెకి ఏమన్నా చేద్దామంటే నా చేతిలోనే ఏం లేదు.

జవాబు: చెడ్డదానివి కాదమ్మా, నీకు కోపం రాకపోతేనే ఆశ్చర్యం. ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు ఇవ్వాల, ప్రభుత్వం ఇంకో 4 కలుపుతుంది, మొత్తం 12 అని ఆ సీజన్‌లో చెప్పినారు, ఆ 8 కూడా అందలేదని రైతులు కాయల్ని రోడ్డు మీద పోసింది ఊరంతా చూసింది. అట్లాంటప్పుడు ఉన్నదానికి సంతోషపడు అనేవాళ్ళలో కొందరికి నీ బాధ వినే ఓపిక లేదు అంతే, ఒక మెసేజ్ పంపేస్తే వాళ్ళ పని అయిపోతుంది. రేటు అడగడం రేటు అడగడమే, రావాల్సిన డబ్బుల కోసం ఆఫీసు చుట్టూ తిరగడం తిరగడమే, అవి మానేసి కృతజ్ఞతగా ఉండమని ఎవరన్నా అంటే వినొద్దు.

ఇంక డైరీ సంగతి. మీ చెల్లెలు చెప్పింది ఉత్త మాటేం కాదులే, అమెరికాలో ఎమ్మన్స్, మెకలో అనే ఇద్దరు 2003లో అచ్చేసిన పరిశోధనలో కొందరి చేత వారానికోసారి, 10 వారాలు, తమకి జరిగిన మంచి రాయించినారు, ఇంకొందరి చేత చికాకులు రాయించినారు, మంచి రాసినవాళ్ళకి బతుకు మీద కాస్త మంచి అభిప్రాయం కనిపించింది. కాస్త అనే అంటున్నా, అదేం మంత్రం కాదు, అప్పు తీర్చదు. ఆ తర్వాత ల్యుబోమిర్‌స్కీ అనే ఆమె చేసిన దాంట్లో వారానికి ఒకసారి రాసినవాళ్ళకి లాభం కనిపించింది, మూడుసార్లు రాసినవాళ్ళకి కనపడలేదు. మరి నువ్వు రోజూ రాయాలని కూర్చుంటే ఏడుపు రాకుండా ఏమొస్తుంది! ఆదివారం పూట, అది కూడా బుద్ధి పుడితేనే రాయి. లేకుంటే ఆ డైరీలో పాల లెక్క రాసుకో, మీ చెల్లెలితో నేను మాట్లాడతా.

రాసేదుంటే ఇల్లుంది, కళ్ళున్నాయి, కాళ్ళున్నాయి అని మాత్రం రాయొద్దు, అది చదివితే నాకే నీరసం వస్తుంది. మనిషిని రాయి. బాడుగ తర్వాత ఇద్దువులే అన్న ట్రాక్టర్ అబ్బాయి ఉన్నాడా, బ్యాంకుకి నగలు తీసుకొని పోయేటప్పుడు నోరెత్తకుండా నీ పక్కన కూర్చున్న ఆడపడుచు ఉందా, ఎవరు, ఏం చేసినారు, దానికి వాళ్ళేం వదులుకున్నారు, అదీ రాయాల్సింది. రాసినాక పోయి వాళ్ళకే చెప్పు. మన ఇళ్ళల్లో ఆడపడుచుకి థాంక్స్ అంటే ఏందే కొత్తగా అంటుంది, కాబట్టి ఆ మాట అనకుండానే చెప్పు, "వదినా, ఆ పొద్దు నువ్వు రాకపోయుంటే నేను బ్యాంకు మెట్లు ఎక్కేదాన్ని కాదు" అను, చాలు. బాగుండదేమో, నవ్వుతారేమో అని మనమే వెనక్కి తగ్గుతాం. కుమార్, ఎప్లీ అనే ఇద్దరు 2018లో దీన్నే పరీక్షించినారు, కృతజ్ఞతగా ఉత్తరం రాసినవాళ్ళు అవతలివాళ్ళు ఇబ్బంది పడతారని ఎక్కువ ఊహించుకున్నారంట, అందుకున్నవాళ్ళు మాత్రం వీళ్ళు అనుకున్నదానికన్నా బాగా సంతోషపడినారు.

పక్కింటి వదినకి ఏం చేయాలని కదా అడిగినావు. మన గంగమ్మ జాతరలో అంబలి పోసేవాళ్ళంతా ఉన్నవాళ్ళేనా చెప్పు? రాగిపిండీ మజ్జిగే కదా. ఆమె రైతు సేవా కేంద్రానికి పోయే రోజు నువ్వూ పో, ఇద్దరి కాగితాలు ఒకేసారి చూపించుకోండి, ఒక్కరే పోతే రేపు రా అంటారు, ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుంటే అట్లా అనడానికి రొంత వెనకాడతారు. ఆమె పిల్లోడికి మీ ఇంట్లో రెండు ముద్దల సంగటి పెట్టు. ఆమె దగ్గర నువ్వు కూడా ఏదన్నా అడుగు, గిన్నెడు ఊరిబిండి అయినా సరే, ఎప్పుడూ పుచ్చుకోవడమే అయితే ఆమెకి మీ గుమ్మం తొక్కడానికి సిగ్గేస్తుంది.

మీ ఆయనకి మాత్రం ఈ కృతజ్ఞత పాఠం చెప్పొద్దమ్మా. తిన్నాడా, నిద్ర పోతున్నాడా చూడు. నేను లేకపోతే మీరు బాగుంటారు లాంటి మాట నోట్లోంచి వచ్చినా, నిద్ర లేకుండా ఊరికే ఒక దిక్కు చూస్తా కూర్చున్నా, సూటిగా అడుగు, చావాలనిపిస్తాందా అని. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. తోటకి కొట్టే మందు డబ్బాలు ఇంట్లోంచి తీసేసి వేరేవాళ్ళ దగ్గర తాళమేసి పెట్టించు, ఇది ఈ పొద్దే చెయ్యి. 14416కి ఫోన్ చెయ్యి, అది టెలి మానస్, మనసు బాధ చెప్పుకునే ఫోన్ లైను, కేంద్రం 2022లో పెట్టింది, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రి పగలు ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. నీకోసం నువ్వు కూడా చేసుకోవచ్చు.

ప్రశ్న: మా అమ్మకి ఆపరేషన్ అయ్యి తిరుపతిలో ఆస్పత్రిలో చాన్నాళ్ళు ఉన్నాం. ముక్కూ మొహం తెలీని అటెండర్లు, పక్క బెడ్డు వాళ్ళు అన్నం పెట్టినారు, ఒకాయన రక్తం ఇచ్చి పేరు కూడా చెప్పకుండా పోయినాడు. వాళ్ళెవరూ ఇప్పుడు దొరకరు. ఈ రుణం ఎట్లా తీర్చుకోవాల?

జవాబు: దొరకని మనిషికి తీర్చలేవు తమ్ముడూ, ఇంకొకరికి చెయ్యడమే. తిరుమలలో 1985లో మొదలైన నిత్యాన్నదానం అట్లానే కదా నడుస్తాంది, తిన్నవాళ్ళకి అది ఎవరి డబ్బో తెలీదు, ఇచ్చినవాళ్ళకి ఎవరు తిన్నారో తెలీదు. ఇప్పుడా భోజనశాలకి మన పాత చిత్తూరు జిల్లా ఆడబిడ్డ తరిగొండ వెంగమాంబ పేరుంది, అది నాకు మహా ఇష్టం. నీకు 18 దాటి, ఆరోగ్యం బాగుండి, బరువు 45 కిలోలకి తగ్గకుండా ఉంటే నువ్వూ రక్తం ఇవ్వొచ్చు, మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి. రక్తమంటే భయమా, చెకప్‌కి పోయినప్పుడు కొత్తగా వచ్చినవాళ్ళకి ఓపీ చీటీ ఎక్కడ, స్కానింగ్ ఎక్కడ, 5 రూపాయల అన్న క్యాంటీన్ ఎటుపక్క అని చూపించు. పల్లెల నుంచి వచ్చినవాళ్ళకి మొదటి రోజు మందు చీటీ పట్టుకొని ఎటు పోవాలో తెలీకపోవడం కన్నా పెద్ద నరకం ఉండదు, అది నీకు చెప్పేదేముందిలే.

ప్రశ్న: ఫ్రెండు కష్టంలో ఉందని పదివేలు ఇచ్చినా, నా దగ్గర లేకపోయినా సర్ది ఇచ్చినా. ఇప్పుడు ఫోన్ చేస్తే ఎత్తదు. మంచితనానికి కాలం కాదా అక్కా?

జవాబు: మంచితనాన్ని అప్పుడే తిట్టొద్దు. తిరిగి ఇవ్వలేక మొహం చాటేస్తాందేమో, సగం మంది అంతే చేస్తారు. అప్పని చెప్పి ఇచ్చినావా, ఊరికే ఇచ్చినావా? నీ ఉత్తరంలో ఆ ముక్క లేదు. ఊరికే అయితే డబ్బు గురించి కాదే, పలకరిద్దామని ఫోన్ చేసినా అని మెసేజ్ పెట్టు. అప్పే అయితే నెలకి వెయ్యి చొప్పున ఇస్తావా అని మర్యాదగా అడుగు. అడిగినంత మాత్రాన చేసిన సాయం చెడిపోదు.