రన్ చేయని టెస్టులకు ‘పాస్’ వేయమంటే ఏం చేయాలి?

మీ ప్రశ్న ఇదీ: ఆసుపత్రి పరికరంలో నడిచే సాఫ్ట్‌వేర్ రిలీజ్ దగ్గరపడింది, కొన్ని రిగ్రెషన్ టెస్టులు (కొత్త మార్పుల వల్ల పాత పనులేవీ చెడలేదని చూసేవి) మిగిలిపోయాయి. టీమ్ లీడ్ ఏమో “ఆ మాడ్యూల్ పాతదే, మనం ముట్టుకోలేదు, పాస్ వేసి సంతకం పెట్టు” అంటున్నారు.

పాస్ వేయకండి. ‘నాట్ రన్’ అని వేసి పక్కన కారణం రాయండి. సంతకం దాని కిందే పెట్టండి. అలా చేస్తే మీరు రిలీజ్ ఆపినట్టు కాదు, ఉన్నది ఉన్నట్టు రాసినట్టు.

ఏసీఎమ్, ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ అనే కంప్యూటర్ నిపుణుల సంఘాలు కలిసి 1999లో తెచ్చిన సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్ నియమావళిలో 1.03వ నిబంధన సరిగ్గా మీ పరిస్థితికే వర్తిస్తుంది. సాఫ్ట్‌వేర్ సురక్షితమని, తగిన టెస్టులు దాటిందని గట్టి ఆధారంతో నమ్మితేనే ఆమోదించాలంటుంది. 2018 నాటి ఏసీఎమ్ నియమావళి 1.3లో డేటాను తప్పుగా చూపడం ఉల్లంఘనే అని విడిగా రాశారు. వీటికి చట్టబలం లేదు, మీ ఉద్యోగాన్నీ ఇవి కాపాడవు. అయినా లీడ్‌తో మాట్లాడేటప్పుడు “నాకిష్టం లేదు” అనడం కన్నా “1.03 ప్రకారం నేను ఆమోదించలేను” అనడం బలంగా ఉంటుంది.

‘పాత కోడే కదా’ అన్న వాదనకు జవాబు థెరాక్-25. ఈ రేడియేషన్ యంత్రం 1985–87 మధ్య ఆరుగురికి మోతాదు మించిన రేడియేషన్ ఇచ్చింది, కొందరు చనిపోయారు. పాత మోడళ్ల సాఫ్ట్‌వేర్‌ను కొంత దీనిలో తిరిగి వాడారు. పాత మోడల్ థెరాక్-20లోనూ సాఫ్ట్‌వేర్ లోపం ఉన్నా, ప్రమాదం జరగకుండా హార్డ్‌వేర్ ఇంటర్‌లాక్‌లు (యంత్రంలోనే ఉండే రక్షణ ఏర్పాట్లు) అడ్డుపడేవి. 25లో వాటిని తీసేసి భారమంతా సాఫ్ట్‌వేర్ మీద పెట్టారు. ఆపరేటర్ స్క్రీన్ మీద వేగంగా దిద్దితే లోపం బయటపడేది, నిదానంగా టైప్ చేస్తే కనిపించేది కాదు. కోడ్ మారకపోయినా దాని చుట్టూ ఉన్నది మారితే పాత ఫలితం చెల్లదు. మీ మాడ్యూల్ చుట్టూ ఏం మారిందో (సెన్సార్, టైమింగ్, లైబ్రరీ వెర్షన్) ముందు అది చూడండి.

తర్వాత ఈమెయిల్ పంపండి, నోటిమాటతో వదలకండి. ఏ బిల్డ్ (సాఫ్ట్‌వేర్ వెర్షన్), ఏయే టెస్టులు, అవి విఫలమైతే రోగికి ఏమవుతుంది, పూర్తి చేయడానికి ఎన్ని గంటలు కావాలి, ఈ నాలుగూ చాలు. ‘అనైతికం’, ‘మోసం’ లాంటి మాటలు రాయకండి. అవి కనిపించగానే చర్చ టెస్టుల మీద నుంచి మనుషుల మీదికి పోతుంది. ఈమెయిల్ చివర “వీటిని వాయిదా వేయాలంటే క్వాలిటీ హెడ్ రాతపూర్వకంగా రిస్క్ అంగీకరించాలి” అని అడగండి. చాలాచోట్ల ఆ ఒక్క వాక్యంతోనే టెస్టులకు సమయం దొరుకుతుంది, ఎందుకంటే తన పేరు మీద ఆ రిస్క్ తీసుకోవడానికి ఎవరూ ముందుకు రారు.

ఒక హద్దు మాత్రం గుర్తుంచుకోండి. రిపోర్ట్ ఫార్మాట్ చెడితే ఆ నష్టం కంపెనీదే కాబట్టి మేనేజర్ అంగీకరించవచ్చు. మందు మోతాదు మారే ప్రమాదాన్ని రోగి తరఫున మేనేజర్ అంగీకరించలేరు. అక్కడ రిస్క్ కాగితం మీద ఎవరి సంతకం ఉన్నా రిలీజ్‌కు మీ ఆమోదం ఇవ్వకండి. “పైవాళ్లు చెప్పారు” అన్నది తర్వాత అక్కరకు రాదు. ఫోక్స్‌వ్యాగన్ ఉద్గారాల కేసులో, పరీక్షలను మోసగించే సాఫ్ట్‌వేర్ తయారీలో పాలుపంచుకున్న జేమ్స్ లియాంగ్ అనే ఇంజనీరుకు 2017లో అమెరికా కోర్టు 40 నెలల జైలుశిక్ష వేసింది.

లీడ్ వినకపోతే క్వాలిటీ విభాగానికి, ఆపైన విజిల్ మెకానిజానికి (vigil mechanism, కంపెనీలో తప్పుల మీద ఫిర్యాదు చేసే ఏర్పాటు) వెళ్లండి. కంపెనీల చట్టం 2013, సెక్షన్ 177 ప్రకారం లిస్టెడ్ కంపెనీల్లో అది తప్పనిసరి. అవసరమైతే నేరుగా ఆడిట్ కమిటీ ఛైర్మన్‌ను కలిసే వీలూ ఉంటుంది. కంపెనీ పత్రాలను సొంత జీమెయిల్‌కు ఫార్వర్డ్ చేసుకోకండి. గోప్యత ఉల్లంఘన కింద ముందు మీ మీదే చర్య వస్తుంది, అసలు విషయం పక్కకు పోతుంది. ఎప్పుడు ఎవరితో ఏం చెప్పారో తేదీలతో మీ మాటల్లో నోట్ చేసుకోండి.