బుడమేరు వరదకీ ఆ తర్వాత వచ్చిన భూకంపానికీ సంబంధం ఉందా?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగి విజయవాడను ముంచింది, డిసెంబరు 4న భూమి కంపించింది, రెండూ వాతావరణ మార్పు వల్లేనా, అసలు మనుషుల పనుల వల్ల భూకంపాలు వస్తాయా అని అడిగారు. మొదటిదానికి నా జవాబు కాదు. రెండోదానికి, కొన్నిచోట్ల అవును.

నేను విజయవాడలో బిల్డింగులకు స్ట్రక్చరల్ డిజైన్లు చేస్తుంటాను. ఆ ఉదయం మా అపార్ట్‌మెంట్ కూడా ఊగింది. సింగ్‌నగర్‌లో ఇల్లు మునిగినవాళ్లు ఆ వారమంతా ఫోన్లు చేసి ఇదే అడిగారు. వాళ్ల భయం నాకు బాగా అర్థమైంది. కానీ ఆ భూకంపం పుట్టింది ములుగు జిల్లాలో, మనకు 200 కిలోమీటర్లకు పైగా దూరంలో, దాదాపు 40 కిలోమీటర్ల లోతున. తీవ్రత 5.3. కొన్ని రోజులు కాలనీల్లో నిలిచిన నీళ్లు అంత లోతును కదిలించలేవు. గోదావరి లోయ పొడవునా భూమి లోపలి రాతిలో పాత పగుళ్లున్నాయి. 1969లో భద్రాచలం దగ్గర వచ్చిందీ ఆ లోయలోనే.

మనుషుల పాత్ర అంటే ముందు చెప్పాల్సింది మహారాష్ట్రలోని కొయినా. 1962లో జలాశయం నింపడం మొదలయ్యాక అక్కడ చిన్న ప్రకంపనలు మొదలయ్యాయి. 1967 డిసెంబరులో 6.3 తీవ్రతతో వచ్చిన భూకంపానికి దాదాపు 180 మంది చనిపోయారు. ఇప్పటికీ వానాకాలంలో జలాశయం నిండాక ప్రకంపనలు పెరుగుతుంటాయి. హైదరాబాద్‌లోని ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ఆ చోటునే పరిశీలిస్తున్నారు. నీటి బరువు ఒక కారణం. అంతకంటే ముఖ్యం, నీరు పగుళ్లలోకి దిగి లోపల ఒత్తిడి పెంచడం. అప్పుడు రెండువైపులా రాయికున్న పట్టు సడలి, ఎప్పటినుంచో బిగిసి ఉన్న పగులు జారిపోతుంది. అమెరికాలో ఓక్లహామాలో చమురు బావుల వ్యర్థజలాన్ని లోతుకి పంపినందుకు ఇలాగే జరిగింది. 2016లో అక్కడ తీవ్రత 5.8 దాకా వెళ్లింది.

అయితే ఆనకట్ట కట్టిన ప్రతిచోటా ఇలా కాదు. అంత పెద్ద నాగార్జునసాగర్ నిండినా పెద్ద భూకంపం రాలేదు. కింద పగులు జారడానికి సిద్ధంగా ఉండాలి. 2020 జనవరి 26 తెల్లవారుజామున జగ్గయ్యపేట, నందిగామ వైపు జనం నిద్రలేచి బయటికొచ్చారు కదా, దాని తీవ్రత 4.6. అక్కడికి దగ్గర్లోని పులిచింతల జలాశయం చుట్టుపక్కల చిన్న ప్రకంపనలను పరికరాలు పెట్టి గమనించారు. అక్కడ జలాశయం పాత్రేమైనా ఉందా అని అడగడం న్యాయమే.

బోర్ల సంగతి కూడా చాలామంది అడుగుతారు. స్పెయిన్‌లో లోర్కా పట్టణంలో 2011లో 5.1 తీవ్రతతో వచ్చిన భూకంపానికి, దశాబ్దాలుగా భూగర్భ జలాలు తోడేయడానికీ సంబంధం ఉందని ఒక అధ్యయనం చూపింది. మన వీధి బోరు వల్ల భూకంపం వస్తుందని మాత్రం అనుకోవద్దు.

ఇక వాతావరణం. మంచుయుగం చివర కిలోమీటర్ల మందం మంచు కరిగి, ఆ బరువు పోయాక స్వీడన్ ఉత్తరాన పెద్ద భూకంపాలు వచ్చాయి. నేపాల్‌లో వానాకాలం కంటే, ఆ వాననీటి బరువు తగ్గిపోయే చలికాలంలో చిన్న ప్రకంపనలు ఎక్కువ నమోదవుతాయి. కాబట్టి నీళ్లూ మంచూ భూమిని తాకవనలేం. కానీ వేడెక్కిన వాతావరణం వల్ల మన దగ్గర భూకంపాలు పెరిగాయనడానికి ఆధారం లేదు.

నాకు టెన్షన్ పెట్టేది వేరే. భూకంపం తర్వాత జనం చూపించిన బీటల్లో నేను చూసినవి చాలావరకు వరదకు తడిసి ఉబ్బిన నల్లమట్టి ఎండి కుంగినందువల్ల వచ్చినవే. ప్లాస్టరింగ్‌లో, గోడకూ స్తంభానికీ మధ్య సన్నటి బీట ఉంటే కంగారొద్దు. స్తంభంలోనే ఏటవాలుగా బీట కనిపించినా, సిమెంటు ఊడి లోపలి ఇనుము బయటపడినా వెంటనే ఇంజినీరుకు చూపించండి. కింద పార్కింగ్ కోసం గోడల్లేకుండా వదిలేసిన ఫ్లాట్లయితే ఇంకా ముఖ్యం. మన ఊళ్లు ఓ మోస్తరు ప్రమాదం ఉన్న మూడో భూకంప జోన్‌లో ఉన్నాయి. అసోసియేషన్ మీటింగ్‌లో బిల్డర్ దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగులు అడిగి తీసుకోండి.