మీరు వెతుకుతున్న పాట ఇదే

స్కూల్లో కొట్లాడి భయపడుతూ ఇంటికొచ్చిన పిల్లాడు, కొట్టకుండా ప్రేమగా మాట్లాడిన నాన్న, చివర్లో స్వర్గం గుమ్మం, ఇంతే గుర్తుంది, పేరు తెలీదు అన్నారు కదండీ. అది అమెరికన్ కంట్రీ (అక్కడి పల్లె శైలి సంగీతం) గాయకుడు జార్జ్ స్ట్రెయిట్ పాడిన 'లవ్ వితౌట్ ఎండ్, ఆమెన్'. ఆరన్ బార్కర్ రాశారు. 1990లో వచ్చి బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటల ర్యాంకుల పట్టికలో 5 వారాలు మొదటి స్థానంలో ఉంది. 'లివిన్ ఇట్ అప్' ఆల్బమ్‌లో దొరుకుతుంది.

మీ ప్రశ్నకు ఇంకొకరు జవాబుగా చెప్పిన, గాయని హాలీ డన్ పాట 'డాడీస్ హ్యాండ్స్' కూడా చక్కటి పాటే, కానీ దాంట్లో ఈ కథ లేదు.

ఈ పాటలో నాకు బాగా నచ్చేది రెండో చరణం. ఆ పిల్లాడే పెద్దయి తండ్రవుతాడు, కొడుకు అచ్చం తనలాగే మొండివాడు, అప్పుడు నాన్న తనతో అన్న మాటలే తన నోటి నుంచీ వస్తాయి, తప్పు చేసినా ప్రేమ తగ్గదని.

మీ నాన్నగారి షష్టిపూర్తిలో వేస్తానన్నారు కాబట్టి ఒక్కమాట: మూడో చరణం తాను చనిపోయినట్టు వచ్చిన కల. శుభకార్యంలో పెద్దవాళ్లు నొచ్చుకోవచ్చు, అందుకే రెండో చరణం తర్వాత పల్లవి దగ్గర ఆపేసేలా ఆడియో కట్ చేసుకోండి, ముందుగా కథ నాలుగు మాటల్లో తెలుగులో చెప్పండి.